ఒప్పందాలు అణ్వాయుధాలను ఆపగలవా? తూకం రిజిస్టర్ రాసినవాడి సమాధానం

బరంపురంలో ఎం.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "అణ్వాయుధాలు వ్యాపించకుండా ఇన్ని ఒప్పందాలు ఉన్నాయి. అయినా ఉత్తర కొరియా బాంబు చేసుకుంది. ఇరాన్ అంచు దాకా వచ్చింది. మనమూ పాకిస్తానూ చేసుకున్నాం. మరి ఈ ఒప్పందాలు నిజంగా ఏమైనా ఆపగలవా, లేక ఫొటోల కోసం పెట్టే సంతకాలేనా? ఇంకోటి, మా బాబాయి ఛత్రపూర్ ఇసుక ప్లాంట్‌లో పని చేస్తారు. మా ఇసుకలో దొరికే పదార్థం కూడా ఈ లెక్కల్లోకి వస్తుందా?"

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. ఆపగలవు. చాలా దేశాల విషయంలో ఆపాయి కూడా. కానీ సంతకం వెనక తూకం వేసి చూసే మనిషి ఉండాలి. సంతకం పెట్టిన దేశానికి బాంబు లేకుండా బతకగలనన్న ధైర్యం ఉండాలి. ఈ రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ కాగితం ఎక్కువ కాలం నిలవదు. మీరు చెప్పిన దేశాల్లో ప్రతిదాని దగ్గరా ఈ రెండింట్లో ఏదో ఒకటి లోపించింది.

నాది ఇచ్ఛాపురం. మా అమ్మ పుట్టిల్లు బరంపురం, పెద్ద బజారు దగ్గర. అణు ఇంధన రంగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం పదార్థాల లెక్కల విభాగంలోనే గడిచింది. ఎంత యురేనియం వచ్చింది, ఎంత వాడాం, తుక్కులోకి ఎంత పోయింది, ఎంత మిగిలింది అని గ్రాముల్లో రాసే పని. విదేశీ ఇంధనం వాడే చోట అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంటే ఐఏఈఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు వాళ్ల ఎదుట రిజిస్టర్ తెరిచి కూర్చునేవాణ్ని. రాయబారులు మాట్లాడుకునే గదిలో నేనెప్పుడూ లేను. వాళ్లు రాసుకున్నది కిందికి వచ్చి కాటా దగ్గర ఎలా అమలవుతుందో మాత్రం దగ్గర నుంచి చూశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఒక్క లెక్క చూడండి. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, 1975 నాటికి 15 నుంచి 20 దేశాల చేతుల్లో అణ్వాయుధాలు ఉండొచ్చని బహిరంగంగానే ఆందోళన పడ్డారు. అప్పటికి బాంబు ఉన్నవి నాలుగే: అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్, ఫ్రాన్స్. తర్వాత చైనా, ఇజ్రాయెల్, మనం, పాకిస్తాన్, ఉత్తర కొరియా చేరాం. 60 ఏళ్లు దాటినా మొత్తం తొమ్మిది. తొమ్మిది తక్కువేమీ కాదు. వాళ్లందరి దగ్గరా కలిపి దాదాపు 12 వేల వార్‌హెడ్లు ఉన్నాయన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కానీ చేయగల సత్తా ఉండి చేయని దేశాలను కూడా లెక్కపెట్టాలి కదా. జపాన్, జర్మనీ, స్వీడన్, దక్షిణ కొరియా, తైవాన్, బ్రెజిల్, అర్జెంటీనా. స్వీడన్ 1950లలో ఆ దిశగా చాలా దూరం వెళ్లి వెనక్కి తగ్గింది. దక్షిణ కొరియా, తైవాన్ రహస్యంగా మొదలుపెడితే అమెరికా ఒత్తిడి తెచ్చి ఆపించింది.

ఈ ఘనత అంతా ఒప్పందానిదే అనను. అమెరికా రక్షణ హామీ ఉంది, ఖర్చు ఉంది, ఆయా దేశాల్లో ప్రజల వ్యతిరేకత ఉంది. ఒప్పందం చేసిన పని వేరు. "నేను ఆగుతాను సరే, పక్కవాడు ఆగాడని నాకెలా తెలుస్తుంది?" అని ప్రతి దేశానికీ ఉండే అనుమానానికి అది జవాబు చెప్పింది. 1968లో సంతకాలు మొదలై 1970 మార్చి 5న అమల్లోకి వచ్చిన అణు వ్యాప్తి నిరోధక ఒప్పందం, ఎన్‌పీటీ అంటాం, దాని అసలు బేరం ఇది: బాంబు లేనివాళ్లు చేసుకోకూడదు, తమ అణు పదార్థాన్నంతా తనిఖీకి పెట్టాలి. బదులుగా విద్యుత్తుకీ వైద్యానికీ పరిజ్ఞానం అందుతుంది. ఉన్నవాళ్లు తగ్గించుకునే దిశగా చర్చలు జరపాలి. మొదటి రెండూ చాలావరకు నడిచాయి. మూడోది సరిగా నడవలేదు, దాని గురించి కింద చెబుతాను.

అసలు తనిఖీ అంటే ఏమిటి?

బయట చాలామంది అనుకునేది, సూటు వేసుకున్న అధికారులు వచ్చి, టీ తాగి, సంతకం పెట్టి పోతారని. నేను చూసింది అది కాదు.

ఒక బాంబుకు సరిపడే పదార్థం అని ఐఏఈఏ పెట్టుకున్న కొలత ఉంది: రియాక్టర్‌లో కాలిన ఇంధనం నుంచి తీసే ప్లుటోనియం అయితే 8 కిలోలు, బాగా శుద్ధి చేసిన యురేనియం అయితే అందులో బాంబుకు పనికొచ్చే భాగమైన యురేనియం-235 లెక్కన 25 కిలోలు. ప్లుటోనియం ఎంత బరువైన లోహమంటే 8 కిలోలు పెట్టడానికి అర లీటరు పాల ప్యాకెట్ పట్టే చోటు చాలు. ఏడాదికి టన్నుల కొద్దీ పదార్థం కదిలే చోట అంత చిన్న ముద్ద మాయం కాలేదని నిరూపించాలి. అందుకే గ్రాముల దాకా లెక్క.

ఒక సంఘటన చెబుతాను. ఒక ఏడాది ఆఖరి లెక్కల్లో సహజ యురేనియం పొడిలో 2 కిలోల 300 గ్రాములు తక్కువ వచ్చింది. ఆ పదార్థంతో ఎవరూ ఏమీ చేయలేరు, బాంబుకు దానికీ ఎంతో దూరం. అయినా లెక్క లెక్కే. మూడు రోజులు ఇంటికి సరిగా వెళ్లలేదు. గొట్టాల్లో ఇరుక్కుందేమో అని విప్పించాం, ఫిల్టర్లు దులిపించాం, నేల తుడిచిన గుడ్డల్ని కూడా తూచాం. టెన్షన్‌తో అన్నం సహించలేదు. నాలుగో రోజు పొద్దున స్టోర్‌లో ఒక కుర్రాడు డబ్బా మూత పెడుతుంటే చప్పుడు తేడాగా వినిపించింది. పాత మూతల బదులు కొత్తవి వచ్చాయి. ఒక్కొక్కటి పాతదాని కన్నా 23 గ్రాములు తేలిక. మేమేమో ఖాళీ డబ్బా బరువు పాత మూతతో తూచిందే తీసివేస్తున్నాం. వంద డబ్బాలు, డబ్బాకు 23 గ్రాములు. మూతలు మారిన రోజు షీట్ మీద సంతకం నాదే. తప్పు నాదే.

నేను చెప్పదలచుకున్నది తర్వాత జరిగింది. ఇన్‌స్పెక్టర్‌కు ఈ కథంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, రాసుకున్నాడు, కానీ ఒప్పుకోలేదు. స్టోర్‌కు వచ్చి, తనకు నచ్చిన పది డబ్బాలు తనే వేలు పెట్టి చూపించి, ఖాళీ చేయించి, మూతతో ఒకసారి, మూత లేకుండా ఒకసారి తూయించాడు. కాటా సరిగా ఉందో లేదో తన దగ్గరున్న రాళ్లతో ముందే చూసుకున్నాడు. అప్పటికి గానీ పెన్ను తీయలేదు. ఆ రోజు నాకు చిన్నతనం అనిపించింది. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే, ఆయన మా మాట నమ్మి వెళ్లిపోయి ఉంటే ఇంకో దేశంలో ఇంకొకరి మాట కూడా అలాగే నమ్మేవాడు కదా అనిపించింది.

సీళ్ల సంగతి కూడా చెప్పాలి. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద లోహపు బిళ్ల, రెండు ముక్కలుగా ఉంటుంది. గోదాము తలుపుకో పీపాకో తీగె చుట్టి, ఆ చివరలు దీని లోపల బిగిస్తారు. బిళ్ల లోపలి వైపు ముందే గీతలు గీసి, ఫొటో తీసి పెట్టుకుంటారు. మళ్లీ వచ్చినప్పుడు తీగె కత్తిరించి, బిళ్లను ఐఏఈఏ కేంద్ర కార్యాలయం ఉన్న వియన్నాకు తీసుకుపోయి, లోపలి గీతలు పాత ఫొటోతో సరిపోయాయా అని చూస్తారు. నంబరు ఎవరైనా అచ్చు కొట్టగలరు, ఆ గీతల్ని గీయడం కుదరదు. కెమెరాలు సరేసరి. వీటన్నిటికన్నా గట్టిది చేతి రుమాలులో సగం కూడా లేని నూలు గుడ్డ. దానితో గోడనో బల్లనో యంత్రాన్నో తుడుస్తారు. ఆ గుడ్డకు అంటిన కంటికి కనబడని రేణువును పరీక్షిస్తే అక్కడ ఏ స్థాయి యురేనియం నడిచిందో, ప్లుటోనియం ఎప్పుడు వేరు చేశారో బయటపడుతుంది. 1992లో ఉత్తర కొరియా, ఒక్కసారే, గ్రాముల లెక్కన ప్లుటోనియం తీశానని చెప్పింది. నమూనాలు పరీక్షిస్తే అంతకన్నా ఎక్కువసార్లు తీశారని తేలింది. ఆ గొడవంతా అక్కడి నుంచే మొదలైంది. కాబట్టి ఉత్తర కొరియా మోసాన్ని ఒప్పందం పసిగట్టలేదు అనేది సరికాదమ్మా. పసిగట్టింది. పట్టుబడ్డాక ఏం చేయాలన్న దగ్గరే ప్రపంచం తడబడింది.

చెక్‌పోస్టు ఒక్కటే సరిపోదు

జీఎస్టీ రాకముందు మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో చెక్‌పోస్టు దగ్గర లారీలు ఎంత దూరం నిలబడి ఉండేవో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. బిల్లులున్న లారీ హైవే మీద గంటలు గంటలు నిలబడేది. బిల్లు లేని సరుకు రాత్రిపూట బాహుదా నది అవతల ఊళ్ల మీదుగా, డొంకదారుల్లో దాటిపోయేది. చెక్‌పోస్టు వాళ్లు ఎంత నిజాయితీగా చేసినా, వాళ్లు చూసేది తమ ముందుకొచ్చిన బండినే.

1991 దాకా ఐఏఈఏ తనిఖీ అచ్చం ఇలాగే ఉండేది. దేశం "ఇదిగో నా కేంద్రాలు" అని చూపించినవే చూడాలి. ఇరాక్ ఎన్‌పీటీలో సభ్య దేశం, తనిఖీలు జరుగుతూనే ఉన్నాయి. గల్ఫ్ యుద్ధం అయ్యాక లోపలికి వెళ్లి చూస్తే, ప్రకటించని చోట్ల పెద్ద ఎత్తున బాంబు కార్యక్రమం నడుస్తోందని తేలింది. ఆ సిగ్గుతోనే 1997లో అదనపు ప్రోటోకాల్ తెచ్చారు. దీన్ని ఒప్పుకున్న దేశంలో ప్రకటించని చోటికీ వెళ్లొచ్చు, తక్కువ వ్యవధిలో వెళ్లొచ్చు, గుడ్డతో తుడిచి నమూనా తీసుకోవచ్చు, యురేనియం గనుల నుంచి యంత్రాల తయారీ దాకా వివరాలు అడగొచ్చు. డొంకదారులు చూసే హక్కు అన్నమాట. నా దృష్టిలో ఎన్‌పీటీ తర్వాత ఈ రంగంలో జరిగిన అతి పెద్ద మార్పు ఇదే. పేపర్లలో దీని గురించి వచ్చింది చాలా తక్కువ.

సరుకు రవాణా వైపు ఇంకో డొంకదారి ఉంది. పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ నెదర్లాండ్స్‌లో పనిచేస్తూ తెలుసుకున్న సెంట్రిఫ్యూజ్ (యురేనియం శుద్ధి చేసే యంత్రం) పరిజ్ఞానంతో స్వదేశం వెళ్లాడు. తర్వాత అదే పరిజ్ఞానాన్ని లిబియా, ఇరాన్, ఉత్తర కొరియాలకు చేరవేసిన నెట్‌వర్క్ నడిపాడు. 2003 అక్టోబరులో లిబియా వెళ్తున్న ఒక ఓడలో సెంట్రిఫ్యూజ్ విడిభాగాలు పట్టుబడ్డాక అది కుప్పకూలింది. దేశాల మధ్య రాసుకున్న ఒప్పందం వ్యక్తులనూ వ్యాపారులనూ పట్టుకోలేదని అప్పుడు తెలిసొచ్చింది. 2004లో భద్రతా మండలి 1540వ తీర్మానం చేసి, ఇలాంటి అమ్మకాలను ప్రతి దేశమూ తన చట్టంలోనే నేరం చేయాలంది. మన దగ్గర 2005లో చట్టం వచ్చింది.

ఒప్పందం తెగితే ఏమవుతుంది: రెండు ఉదాహరణలు

"ఒప్పందం ఉన్నా బాంబు చేసుకున్నారు" అని మీరు రాశారు. ఉత్తర కొరియా, ఇరాన్‌ల విషయంలో ఒప్పందం నడిచిన ఏళ్లనూ తెగిన ఏళ్లనూ విడదీసి చూడండి.

ఉత్తర కొరియాతో అమెరికా 1994 అక్టోబరులో ఒక ఒడంబడిక చేసుకుంది. యోంగ్‌బ్యోన్‌లోని రియాక్టర్ ఆపాలి, అందులో కాలాక బయటికి తీసిన సుమారు 8,000 ఇంధన కడ్డీలను సీలు వేసిన డబ్బాల్లో ఉంచాలి. బదులుగా ఏటా 5 లక్షల టన్నుల ఇంధన నూనె, రెండు విద్యుత్ రియాక్టర్లు. ఎనిమిదేళ్లు ఆ సీళ్లు అలాగే ఉన్నాయి, అక్కడ కొత్త ప్లుటోనియం తయారవలేదు. అయితే ఉత్తర కొరియా మరోవైపు రహస్యంగా యురేనియం శుద్ధి దారి పట్టింది. అమెరికా ఇస్తానన్న రియాక్టర్లు ఆలస్యమవుతూ వచ్చాయి. 2002 చివర్లో ఒడంబడిక కూలింది, ఇన్‌స్పెక్టర్లను పంపేశారు. 2003 జనవరిలో ఎన్‌పీటీ నుంచి తప్పుకుంటున్నామన్నారు. 2006 అక్టోబరు 9న మొదటి పరీక్ష. తప్పు ఒక్క వైపే ఉందని నేననను. కానీ సీళ్లు ఉన్న ఎనిమిదేళ్లకీ, సీళ్లు తీశాక నాలుగేళ్లకీ తేడా ఎంతో చూడండి.

ఇరాన్‌ది ఇంకా బాధాకరం. 2015 జులై 14న అమెరికా సహా ఆరు దేశాలతో కుదిరిన ఒప్పందం నా ఉద్యోగంలో నేను చదివిన వాటన్నింట్లో గట్టిగా రాసిన పత్రం. యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు దాటకూడదు, నతాంజ్ కేంద్రంలో శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లు 5,060 మించకూడదు. ప్రతి దానికీ అంకె ఉంది. లెక్కలు రాసేవాడికి అంకె ఉంటే చాలు, తూచి చూసి అవునో కాదో చెప్పేస్తాడు. ఇరాన్ పాటిస్తోందని ఐఏఈఏ వరుసగా నివేదికలు ఇచ్చింది. 2018 మే 8న అమెరికా బయటికి వచ్చేసింది. మరుసటి ఏడాది నుంచి ఇరాన్ ఒక్కో హద్దు దాటుతూ వచ్చింది, 2021లో 60 శాతానికి చేరింది. ప్రకృతిలో దొరికే యురేనియంలో పనికొచ్చే భాగం 0.7 శాతమే. అక్కడి నుంచి 60 దాకా వెళ్లడంలోనే శ్రమంతా అయిపోతుంది, బాంబుకు కావలసిన 90కి ఇంక కొద్ది దూరమే. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, అమెరికా దాడులు చేశాయి. ఆ దాడుల ముందు ఇరాన్ దగ్గర 60 శాతం పదార్థం 440 కిలోల పైనే ఉందని ఐఏఈఏ అంచనా. ఐఏఈఏ కొలత ప్రకారం ఇంకాస్త శుద్ధి చేస్తే పది బాంబులకు సరిపడేంత. దాడుల తర్వాత ఆ పదార్థాన్ని ఇన్‌స్పెక్టర్లు తూచి చూసే వీలు లేకుండా పోయింది. 300 కిలోల తక్కువ శాతం పదార్థం కాటా మీద ఉండటం మేలా, 440 కిలోల ఎక్కువ శాతం పదార్థం కంటికి కనబడకుండా పోవడం మేలా? బాంబులు వేసి ఆపొచ్చు అనేవాళ్లు నాకు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

భయం తీరకపోతే కాగితం నిలవదు

ఇది నా ఉద్యోగం నేర్పలేదు, చదివి తెలుసుకున్నదే.

బ్రెజిల్, అర్జెంటీనా దశాబ్దాల పాటు ఒకదాన్ని ఒకటి అనుమానించుకున్నాయి, రెండింటికీ రహస్య కార్యక్రమాలుండేవి. రెండు చోట్లా సైనిక పాలన పోయాక మెల్లగా ఒకరి కేంద్రాలు ఒకరికి చూపించుకోవడం మొదలుపెట్టారు. 1991లో ఇద్దరూ కలిసి ఒక ఉమ్మడి లెక్కల సంస్థ పెట్టుకున్నారు. బ్రెజిల్ కేంద్రాలను అర్జెంటీనా వాళ్లు, అర్జెంటీనా కేంద్రాలను బ్రెజిల్ వాళ్లు తనిఖీ చేస్తారు. నాకు ఈ ఏర్పాటు అంటే ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను. దక్షిణాఫ్రికా అయితే ఆరు బాంబులు చేసి కూడా, పక్కన యుద్ధాలు సద్దుమణిగాక, వర్ణవివక్ష పాలన ముగిసే ముందు వాటిని విప్పేసి 1991లో ఎన్‌పీటీలో చేరింది. 1993లో అధ్యక్షుడు డిక్లర్క్ పార్లమెంటులో ఆ సంగతి బయటపెట్టాడు. ఐఏఈఏ వెళ్లి పాత రిజిస్టర్లు తీసి పదార్థం లెక్క సరిచూసింది. ఆ రిజిస్టర్లు రాసిన గుమాస్తా ఎవరో గానీ ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది.

మరో వైపు చూడండి. ఉక్రెయిన్ తన నేల మీదున్న సుమారు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లను రష్యాకు అప్పగించింది. బదులుగా 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దులను గౌరవిస్తామని రాసిచ్చాయి. 2014లో క్రిమియా పోయింది, 2022లో యుద్ధమే వచ్చింది. లిబియా 2003లో తన కార్యక్రమాన్ని వదిలేసింది, 2011లో గడాఫీ ప్రభుత్వం విదేశీ బాంబుల మధ్య కూలింది. ఉక్రెయిన్ అప్పగించిన వార్‌హెడ్ల మీట దాని చేతిలో లేదు, మాస్కో చేతిలోనే ఉండేది. లిబియా బాంబుకు దగ్గరగా కూడా రాలేదు. కాబట్టి ఈ రెండింటినీ "బాంబు వదిలేసినందుకే నాశనమయ్యారు" అని చదవడం పొరపాటు. అయినా ప్రపంచంలో చిన్న దేశాల నాయకులు చదువుకున్న పాఠం అదే. తర్వాతి ఒప్పందానికి ఎవరు పిలిచినా ఆ రెండు పేర్లే ముందు వినిపిస్తాయి. ఇచ్చిన హామీ తప్పితే నష్టం ఆ ఒక్క దేశంతో పోదు.

మన సంగతి

మనవాడిగా దాచకుండా చెప్పాలి. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చిన పరికరానికి ప్లుటోనియం వచ్చింది కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టర్ నుంచి, అది నడవడానికి కావలసిన భారజలం అమెరికాది. శాంతియుత అవసరాలకే అన్న షరతు మీద ఇచ్చారు. మనం దాన్ని శాంతియుత అణు పేలుడు అన్నాం. "శాంతియుత" అంటే ఏది కాదో ఆ పత్రంలో రాసి లేదు, కొలిచే తనిఖీ లేదు. కెనడా సహకారం ఆపేసింది. రాజస్థాన్‌లో రెండో రియాక్టర్ సగంలో ఉండగానే వాళ్లు వెళ్లిపోతే, మనవాళ్లు డ్రాయింగులు చూసుకుంటూ తిప్పలు పడి పూర్తి చేసిన కథలు మా సీనియర్ల నోట ఎన్నోసార్లు విన్నాను. అమ్మే దేశాలన్నీ ఒక జట్టు కట్టి అణు సరఫరాదారుల గ్రూపు పెట్టుకున్నది కూడా మన పేలుడు చూసే. 34 ఏళ్లు యురేనియం దిగుమతికి దారులు దాదాపు మూసుకుపోయి, కొన్నేళ్లు రియాక్టర్లు సగం సామర్థ్యంతో నడిచిన రోజులు నేను చూశాను.

2005లో పౌర అణు సహకారం మీద మన్మోహన్ సింగ్, అమెరికా అధ్యక్షుడు బుష్ చేసిన ఉమ్మడి ప్రకటన, ఎన్‌పీటీలో లేని మనకు అమ్మవచ్చని 2008 సెప్టెంబరులో ఆ గ్రూపు ఇచ్చిన మినహాయింపు, ఆ తర్వాత 14 రియాక్టర్లను దశలవారీగా ఐఏఈఏ తనిఖీలోకి తేవడం, ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి. మా పని రెట్టింపైంది. అదే సమయంలో విదేశీ యురేనియం వచ్చింది. మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు అమెరికన్ రియాక్టర్ల ప్రతిపాదన కూడా ఆ ఒప్పందం కొమ్మకు కాసిందే. ఏ కేంద్రాలు పౌర జాబితాలోకి వెళ్లాలో ఏవి బయట ఉండాలో మనమే నిర్ణయించుకున్నాం. సైనిక భాగం తనిఖీలో లేదు. కాబట్టి ఇది మన బాంబును ఆపిన ఒప్పందం కాదు, విదేశీ పదార్థం అటువైపు వెళ్లకుండా చూసే ఒప్పందం. ఆ తేడా గుర్తుంచుకోవాలి.

పాకిస్తాన్‌తో మనకున్న ఒక చిన్న ఒప్పందం గురించి పరీక్షల పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటుంది. అణు కేంద్రాల మీద పరస్పరం దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న సంతకం చేశారు. 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ కేంద్రాల జాబితా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ జరిగింది, పార్లమెంటు మీద దాడి జరిగింది, ముంబయి, పుల్వామా జరిగాయి. రాయబారులను వెనక్కి పిలిపించుకున్న ఏడాది కూడా జాబితా ఆగలేదు. ఇది వ్యాప్తిని ఆపే ఒప్పందం కాదనుకోండి. అయినా బద్ధశత్రువుల మధ్య ఒక కాగితం ఎలా బతుకుతుందో తెలియాలంటే దీన్ని చూడాలి. చిన్నది, ఏటా చేయాల్సిన పని ఒకటి ఉంది, తప్పితే ఇద్దరికీ నష్టం.

ఇందాక వాయిదా వేసిన సంగతి, అంటే బాంబు ఉన్నవాళ్లు తగ్గించుకోవడం. ఎన్‌పీటీ 1967 జనవరి 1కి ముందు పేల్చిన ఐదు దేశాలకు ఒక నీతి, మిగతా అందరికీ ఒక నీతి పెట్టింది. మనం చేరకపోవడానికి చెప్పిన కారణం ఇదే, అందులో న్యాయం ఉందని నేనిప్పటికీ నమ్ముతాను. ఆ ఐదు తగ్గించుకునే మాట నిలబెట్టుకోకుండా మిగతావాళ్లను వద్దనడం, తాగేవాడు ఊళ్లో అందరూ మద్యం మానాలని చెప్పినట్టే. వినేవాళ్లు తగ్గుతూ పోతారు. 2017లో చాలా దేశాలు విసిగిపోయి అణ్వాయుధాల పూర్తి నిషేధ ఒప్పందం చేసుకుని 2021 నుంచి అమల్లోకి తెచ్చుకున్నాయి. బాంబున్న ఒక్క దేశమూ అందులో లేదు.

మీ ఛత్రపూర్ ఇసుక

గంజాం తీరపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్‌తో పాటు మోనజైట్ ఉంటుంది. మోనజైట్‌లో అరుదైన లోహాలతో పాటు థోరియం ఉంటుంది, కాస్త యురేనియం కూడా. థోరియంతో నేరుగా బాంబు కాదు, భయపడకండి. దాన్ని రియాక్టర్‌లో పెట్టి చాలా కాలం న్యూట్రాన్లు తగలనిస్తే యురేనియం-233గా మారుతుంది, అది మాత్రం పనికొచ్చే పదార్థమే. అందుకే మన అణుశక్తి చట్టం కింద మోనజైట్ అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోకూడని వస్తువు. తవ్వడం, వేరు చేయడం, అమ్మడం, ఎగుమతి, అన్నిటికీ లైసెన్సు ఉండాలి. 2018 నుంచి తీర ఇసుక ఖనిజాల ఎగుమతి అంతా ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ద్వారానే జరగాలని కట్టడి చేశారు.

అంటే మీరు అడిగిన గొలుసు మీ ఇంటి పక్క సముద్రపు ఒడ్డునే మొదలవుతుంది. వియన్నాలో సీలు బిళ్ల లోపలి గీతలు చూసే మనిషి ఒక చివర ఉంటే, ఇసుక నుంచి వేరు చేసిన మోనజైట్‌ను కాటా మీద పెట్టే మనిషి రెండో చివర ఉంటాడు. ఈసారి మీ బాబాయిగారు ఇంటికి వచ్చినప్పుడు అడగండి: మోనజైట్‌ను ఎన్నిచోట్ల తూస్తారు, ఎవరెవరు సంతకం పెడతారు, లెక్క తేడా వస్తే ఆ రాత్రి ఎవరు ఉండిపోతారు అని. చెప్పదగినంత ఆయన చెబుతారు. ఆ తర్వాత ఇంకేమైనా సందేహం ఉంటే ఇక్కడే రాయండి, నాకు తెలిసింది చెబుతాను.